గారడి అనే రాయండి

నన్ను ఏమని పిలవాలా అని నాకంటే మిగతావాళ్ళకే ఎక్కువ బెంగ.

నిజామాబాద్‌లో ఈవెంట్లు చేయించే ఒకాయన ఉన్నాడు. పెళ్ళి, పుట్టినరోజు, బడి వార్షికోత్సవం, ఏదైనా సరే షామియానా దగ్గర నుంచి ఐస్‌క్రీం దాకా ఆయనే చూసుకుంటాడు. నా ప్రదర్శనలు చాలావరకు ఆయన ద్వారానే వస్తాయి. మనిషి మంచివాడే గానీ ఒక్క రోగం ఉంది. ఫ్లెక్సీ మీద నా పేరు కింద వేసే మాటను ఊరికే మారుస్తుంటాడు. మొదట్లో మెజీషియన్ అని వేశాడు. కొన్నాళ్ళకు ఇల్యూజనిస్ట్ అన్నాడు. ఈమధ్య ఫోన్లో ఎవరెవరివో వీడియోలు చూసి మెంటలిస్ట్ అంటే గిరాకీ బాగుంటుందని పట్టుకున్నాడు. నేను ప్రతిసారీ ఒకటే చెబుతాను, గారడి అని వేయించు అని.

"గారడి అంటే బస్టాండు కాడ పాములోళ్లు యాదికొస్తరు మేడం," అన్నాడొకసారి.

యాదికి రానీ. ఆ బస్టాండు దగ్గర ఆడి నన్ను పెంచినవాడి బిడ్డనే నేను.

ఈ మాటల సంగతి నాకు బాగా తెలుసు. వాటిని మోస్తూ తిరిగేదాన్ని కదా. పేపరువాళ్ళు ఇంద్రజాలికురాలు అని రాస్తారు. ఆ మాట చదివి మా ఇంటి పక్కావిడ, ఎవరి గురించి రాశారు అని నన్నే అడిగింది. బడిపిల్లలకు నేను మ్యాజిక్ ఆంటీని. పాత బజారు వైపు పోతే జాదూవాలీ బాజీ, అంటే గారడి అక్క, అంటారు, ఆ పిలుపులో తీపి ఉంది, కాదనను. కొందరు మగ మెజీషియన్లయితే పేరు ముందు ప్రొఫెసర్ అని తగిలించుకుంటారు. ఏ కాలేజీలో పాఠం చెప్పారని అడిగితే కోపం వస్తుంది.

ఊళ్ళలోకి పోతే మాట మారిపోతుంది. మగవాడు ఆడితే మ్యాజిక్ సారు. అదే ఆట నేను ఆడితే వెనక వరుసలో ఎవరో ఒకరు పక్కవాడి చెవిలో మంత్రాలామె అంటారు. నవ్వుతూనే అంటారు. నాకు మాత్రం నవ్వు రాదు. మంత్రాలామె అని పేరు పడ్డ ఆడదానికి ఊళ్ళో గ్లాసెడు నీళ్ళు పుట్టవు. అంతకంటే ఘోరాలు జరుగుతాయి, పేపర్లో చదివి మనమే అయ్యో అనుకుంటాం. అందుకే నాకు గారడి కావాలి. ఆ మాట వినగానే ఎదుటివాడికి అంతా తెలిసిపోతుంది. ఈమె నన్ను మోసం చేస్తుంది, నేను మోసపోవడానికే కూర్చున్నాను, ఆట అయ్యాక ఎవరింటికి వాళ్ళం పోతాం అని. అందులో దేవుడు లేడు, దయ్యం లేదు.

బాపు, అంటే మా నాన్న, బస్టాండు దగ్గరే కాదు, బోధన్ అంగడిలోనూ ఆడేవాడు. కందకుర్తిలో, నదులు కలిసే చోట జనం కూడినప్పుడు అక్కడా ఆడేవాడు. ఆయన దగ్గర ఒక పెద్ద గుడ్డసంచి ఉండేది. గుడ్లూ, గోళీలూ, రుమాళ్ళూ అన్నీ అందులోంచే వచ్చేవి. ఆట అయిపోయాక, తట్ట పట్టుకుని చుట్టూ తిరగడానికి ముందు, బాపు ఆ సంచిని లోపలిది బయటికి తిరగేసి దులిపేవాడు. దొంగజేబులన్నీ బయటపడేవి. చొక్కా చేతులు మడిచి రెండు అరచేతులూ అందరికీ చూపించేవాడు. మంత్రం లేదు, మాయ లేదు, కనికట్టు, పొట్టకూటి కోసం చేసిన అనేవాడు. ఏ ఊరైనా, ఎంత వాన ముంచుకొస్తున్నా, ఆ పని మానేవాడు కాదు.

నాకది తెగ చిరాకుగా ఉండేది. అంతసేపు జనాన్ని నోరు తెరిపించి, చివరికి మన గుట్టు మనమే విప్పుకోవడం ఏమిటని అడిగాను.

"మనం పోయినంక ఊర్లె ఎవలకన్న జరమొస్తది బిడ్డా," అన్నాడు. "గప్పుడు మన మీదికి రావద్దంటే, పోయే ముందుగాలనే సంచి సూపియ్యాలె."

బడిలో నన్ను గారడోళ్ల పిల్ల అని ఏడిపిస్తే ఒకడి పలక పగలగొట్టి వచ్చాను. బాపు వాడికి కొత్త పలక కొనిచ్చి, నువ్వు గారడోళ్ల పిల్లవే గదా, దానికి కొట్లాటెందుకు అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆ మాట ఫ్లెక్సీ మీద వేయించమని నేనే కొట్లాడుతున్నాను.

నేను స్టేజీ ఎక్కాక సంచి పోయి నల్లకోటు వచ్చింది. అలవాటు మాత్రం పోలేదు. చివర్లో కోటు విప్పి, తిరగేసి, లోపలి జేబులన్నీ చూపించి బాపు మాటలే చెబుతాను. ఈవెంట్లాయనకు అది చూస్తే కడుపు మంట. సస్పెన్స్ అంతా పోతుందట. పోదు. తిరగేసిన కోటు చూసి కూడా జనానికి ఏమీ అర్థం కాదు, ఎన్ని జేబులో అని ఆశ్చర్యపోతారు అంతే. నిజానికి ఆ కోటులో ఉన్నది సగమే. మిగతా సగం నా చూపులో ఉంటుంది. నేను కుడిచేతి వైపు చూస్తే జనం కుడిచేతి వైపు చూస్తారు. ఎడమచెయ్యి ఆ సందులో తన పని కానిచ్చుకుంటుంది. బాపు నాకు గోళీల కంటే ముందు నేర్పింది కళ్ళు ఎటు తిప్పాలో.

నా ఆటల్లో నాకు అన్నిటికంటే ముద్దయినది చెరుకు ఆట. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు, నేనే కట్టుకున్నది. చూసేవాళ్ళకు ఇలా కనబడుతుంది: ఎవరిదో ఉంగరం తీసుకుని రుమాల్లో చుడతాను, రుమాలు విదిలిస్తే ఉంగరం ఉండదు. పక్కన చెరుకుగడల కట్ట నిలబెట్టి ఉంటుంది. జనంలోంచి ఎవరినో పిలిచి, ఇష్టమైన గడ తీయమంటాను. ఆ గడను అందరి ముందే మోకాలికి ఆనించి విరిస్తే లోపల ఉంగరం మెరుస్తుంది. రుద్రూర్ వైపు నుంచి గడలు తెప్పించుకుని, ఏ రకం సాఫీగా విరుగుతుందో చూసుకుంటూ ఒక చలికాలమంతా ఇంట్లో పిప్పి చేశాను. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరుకు తగ్గినా, మా వైపు జనానికి గడ చూస్తే ఇప్పటికీ మనసు కరుగుతుంది. అందుకే ఆ ఆటకు అంత పేరొచ్చింది.

పోయిన కోతల కాలంలో ఎడపల్లి వైపు ఒక రైతింట్లో మనవడి మొదటి పుట్టినరోజుకు నన్ను పిలిచారు. ఇంటి ముందు వాకిట్లో షామియానా వేశారు. ఇల్లంతా చుట్టాలు. చెరుకు కోతకు మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు చేను గట్టున గుడిసెలు వేసుకుని ఉన్నారు. ఆట చూడటానికి వాళ్ళూ వచ్చి షామియానా బయట నిలబడ్డారు. వాళ్ళలో ఒకామెను ఆ రోజు గిన్నెలు తోమడానికి ఇంట్లోకి పిలిచారు. నేను కట్ట సర్దుకుంటుంటే ఆమె బోరింగు దగ్గర పెద్ద డేగిసాలు తోముతూ కనబడింది. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

ఆట బాగా సాగింది. ఇంటి అల్లుడు ఉంగరం ఇచ్చాడు. గడ తీయడానికి రైతు వాళ్ళ అమ్మను, ఆ ఇంటి అవ్వను పిలిచాను. ఆమె కట్టంతా తడిమి తడిమి, మధ్యలోంచి ఒక గడ లాగింది. విరిచాను. ఉంగరం బయటపడింది. వాకిలి మొత్తం చప్పట్లు. సరే, కోటు విప్పి నా మాటలు నాలుగు చెబుదామని గుండీ మీద చెయ్యి వేశాను. అంతలోనే అవ్వ వంగి నా కాళ్ళు పట్టుకుంది.

అంత పెద్దామె నా కాళ్ళు పట్టుకుంటే గబుక్కున వంగాను. లేపబోతే లేవలేదు.

"బిడ్డా, ఉంగురం దొర్కవట్టిస్తివి," అంది. "నా బంగారు గుండ్ల దండ ఏడున్నదో గూడ సెప్పు. ఎవలు తీసిండ్రో పేరు సెప్పు. ఆ మరాటామె తీసిందా లేదా, గంతే సెప్పు."

అప్పుడు బయటపడింది సంగతి. పొద్దున అవ్వ పెట్టెలో బంగారు పూసల గుండ్ల దండ కనబడలేదట. ఇంట్లో ఉన్నవాళ్ళంతా సొంతవాళ్ళు, బయటి మనిషి గిన్నెలు తోమే ఆమె ఒక్కతే. పండుగపూట రభస ఎందుకని ఊరుకున్నారు. మర్నాడు పక్క ఊరి నుంచి ఒకాయనను పిలిపించి, మంత్రించిన బియ్యం నమిలిద్దామని అనుకున్నారు. నమిలిన బియ్యం తడవకుండా పొడిగా ఊస్తే వాళ్ళే దొంగ అన్నమాట. ఇప్పుడు ఆయన అక్కర్లేదు, దేవుడే నిన్ను పంపించాడు అని రైతు నాకు దండం పెట్టాడు. చదువుకున్న మనిషే. ట్రాక్టరు లోను ఫోన్లోనే కట్టే మనిషి.

ఈవెంట్లాయన నా వెనక చేరి చెవిలో గుసగుసలాడాడు. తూర్పు దిక్కున ఉంది, కొద్ది రోజుల్లో దొరుకుతుంది అని ఏదో ఒకటి చెప్పేయండి మేడం, వెళ్ళిపోదాం, ఎవరికేం నష్టం అని. ఎవరికేం నష్టమో చూద్దామని నేను తలెత్తాను. నా కళ్ళు బోరింగు దగ్గర నిలబడ్డ ఆమె మీద పడ్డాయి. చేతుల నిండా సబ్బు నురగ. ఏం మాట్లాడుతున్నారో సగమే అర్థమై, సగం కాక, డేగిసాను అడ్డం పెట్టుకుని నిలబడింది.

నేను చూశాను. వాకిట్లో ఉన్న ప్రతి తలా అటు తిరిగింది.

"సూసింది. ఆమె దిక్కే సూసింది," అన్నారెవరో.

ఇద్దరు లేచారు. ఆమె వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. "మీ నాహీ ఘేత్‌లం బాయీ," అంది, నేను తీయలేదమ్మా అని. ఆ మాట వాళ్ళతో కాదు, నాతో అంది.

నాకు అలాంటి కోపం ఎప్పుడూ రాలేదు. వాళ్ళ మీద ఎంతో, నా ఆట అంత బాగా కుదిరినందుకూ అంతే. జనం కళ్ళను తిప్పే విద్యతో బువ్వ తింటున్నాను, ఆ కళ్ళే ఇప్పుడు ఒక ఆడదాని మీదికి ఎగబడుతున్నాయి. నేను కాదంటే, తెలిసే చెప్పడం లేదంటారు. ఊరుకుంటే అవునన్నట్టే. తూర్పు దిక్కు అంటే ఆమె గుడిసె తూర్పునే ఉంటుంది, లేకపోతే ఉన్నట్టు చూపిస్తారు. ఆమె ఆ వాకిట్లోంచి క్షేమంగా బయటికి నడవాలంటే నా చెరుకు ఆట చావాలి. ఇంకో దారి లేదు.

మైకు తీసుకుని, కూర్చోండి, ఆట అయిపోలేదు అన్నాను. ఆట అనేసరికి లేచిన ఇద్దరూ ఆగారు.

"అవ్వా, ఆ కట్టల నుంచి ఇంకో గడ తియ్యి. నీకు నచ్చిందే తియ్యి," అన్నాను.

తీసింది. మధ్య కణుపును అంటుకుని ఉన్న ఎండుటాకు వలవమన్నాను. వలిచింది. ఆకు కింద ఉంగరం పట్టేంత బెజ్జం. ఇంకొకటి తీయమన్నాను. దానికీ బెజ్జమే. పిల్లలు ఆగలేదు, ఉరికొచ్చి కట్టంతా చెల్లాచెదురు చేశారు. ప్రతి గడకూ ఉంది. మధ్యాహ్నం మీ పశువుల కొట్టం వెనక కూర్చుని, వడ్రంగి బరమాతో ఒక్కో గడకూ నేనే పెట్టానని చెప్పాను. రుమాల్లో చుట్టింది అల్లుడి ఉంగరం కాదు, నాదే, అదిగో జేబులోకి పోయింది అని చూపించాను. గడ పట్టుకుని మాట్లాడుతూ బొటనవేలితో అసలు ఉంగరం ఎలా లోపలికి నెట్టానో, నిదానంగా, మళ్ళీ చేసి చూపించాను. కోటు విప్పి తిరగేసి ఆ గడల మీద పడేశాను. చలికాలమంతా కష్టపడి కట్టుకున్న ఆటను అలా అందరి ముందూ కోసి పెట్టడం ఏ గారడివాళ్ళకూ సులభం కాదు.

"నేను గారడిదాన్ని అవ్వా," అన్నాను. "నేను పెట్టిందే నేను తీస్త. నీ గుండ్లు నేను పెట్టలే. ఏడున్నయో నాకు తెల్వది. ఆమె దిక్కు చూసిన, నిజమే. బుగులువడి నిలవడ్డదని చూసిన. నా చూపుల ఎవ్వరి పేరు లేదు."

అవ్వ గడ పట్టుకుని బెజ్జంలోకి చూస్తూనే ఉంది. పాపం, ఆమెకు నా మాట కంటే ఆ దండ పోయిన దుఃఖమే పెద్దది. మరి రేపొచ్చే ఆయన చెప్తడేమో అంది నెమ్మదిగా.

"ఆయన సుత నా లెక్కనే. సంచి తిరిగేసి సూపియ్యడు, గంతే తేడా," అన్నాను. "బుగులువడితె ఎవలకైన నోరెండుతది. గిందాక నా కాళ్లు పట్టినప్పుడు నాకు సుత ఎండింది. నాతోని నమిలిస్తే నేనే దొంగనవుదును."

ముందు నవ్వింది అల్లుడు. తన ఉంగరం వంకా, గడ వంకా మార్చి మార్చి చూసుకుని, నేను కళ్ళార్పకుండా చూసిన కదనే అని తలకొట్టుకున్నాడు. ఆ నవ్వుతో వాకిలి సడలింది. రైతు మాత్రం నవ్వలేదు. నా వైపు చూడకుండా, లేచిన ఇద్దరితో కూసోండ్రి అన్నాడు. రేపటి బియ్యమాయనను రావద్దని ఫోన్ చేయమని కొడుక్కి చెప్పాడు. సిగ్గుతో చెప్పాడో నా మీద కోపంతో చెప్పాడో నాకు అక్కర్లేదు. చెప్పాడు, చాలు. పుట్టినరోజు బిడ్డ తల్లి లేచి వెళ్ళి బోరింగు దగ్గర ఆమె చేతిలోంచి డేగిసా తీసుకుని పక్కన పెట్టింది.

నేను సామాను ట్రాలీ ఆటోలో సర్దుతుంటే, గిన్నెలు తోమిన ఆమె తన వాళ్ళతో కలిసి గట్టు వైపు పోతూ ఆగింది. ఆమె చేతిలో నా బెజ్జం గడ ఒకటి ఉంది. పక్కామె, ఎవరీవిడ అని మరాఠీలో అడిగింది.

"గారుడీ ఆహే," అంది.

మా అంగళ్ళలో వినీ వినీ నాకు మరాఠీ వచ్చు. వాళ్ళ వైపు కూడా సంచి పట్టుకుని ఊరూరా ఆడేవాళ్ళను అదే మాటతో పిలుస్తారు. ఫ్లెక్సీల మీద ఇన్నాళ్ళు నేను కొట్లాడిన మాట, ఎవరూ చెప్పకుండానే ఆమె నోటినుంచి వచ్చింది. ఆమె గడను మోకాలికి ఆనించి విరిచి సగం నాకిచ్చింది. అక్కడే నిలబడి నమిలాం. తియ్యగా ఉంది. నా ఆట అలా పూర్తయిపోయింది.

ఆ తర్వాత నన్ను తిట్టనివాళ్ళు లేరు. ఎవరో ఫోన్లో తీసిన వీడియో బోధన్ దాటి ఎటెటో పోయింది. మెజీషియన్ల గ్రూపులో ఒక పెద్దాయన, పేరు ముందు ప్రొఫెసర్ ఉన్నాయనే, విద్యను నడిబజార్లో పెట్టావు, నువ్వు ఈ వృత్తికి తగవు అని నిలదీశాడు. ఒక మనిషిని కాపాడటానికి పనికిరాని రహస్యాన్ని మీరే దాచుకోండి అని రాసి గ్రూపులోంచి బయటికొచ్చాను. చెరుకు ఆట ఇప్పుడు మా జిల్లాలో ఎక్కడా చెల్లదు. గడ పట్టుకోగానే పిల్లలే ఆకు వలిచేస్తారు. పోతే పోయింది. పసుపుకొమ్ముతో ఇంకొకటి కట్టుకుంటున్నాను.

అవ్వ గుండ్లు దొరికాయా అని చాలామంది అడుగుతారు. నాకు తెలియదు. అది కూడా నాకే తెలిసి ఉండాలని అనుకునేవాళ్ళకు మళ్ళీ మొదటినుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఈవెంట్లాయన కొన్నాళ్ళు ఫోన్ చేయలేదు. ఒకరోజు చేసి, మాటామంతీ లేకుండా, ఏమని వేయించమంటారు మేడం అన్నాడు. గారడి అన్నాను. వాదించలేదు.

బాపు ఆట అయ్యాక సంచి తిరగేసేవాడు. నేనిప్పుడు మొదలుపెట్టేముందే కోటు తిరగేస్తున్నాను. జేబులన్నీ చూపిస్తాను, అరచేతులు చూపిస్తాను, నేను పెట్టిందే నేను తీస్తానని చెబుతాను. ఆ మాట చెప్పేదాకా జనంలో ఏ ఒక్క ఆడమనిషి వైపూ చూడను. చెప్పాక మాత్రం తలెత్తి, వెనక వరుస దాకా, అందర్నీ చూస్తాను.